వేరే బోర్డు క్యాల్ ఫైలు పెట్టొచ్చా? వైఫై డ్రైవర్‌కు క్యాలిబ్రేషన్ డేటా ఎక్కడి నుంచి, ఎలా అందించాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: క్యూసీఏ9880 రేడియో ఉన్న రౌటర్ బోర్డు మీద సొంతంగా కట్టుకున్న లినక్స్ ఎక్కించారు. దాన్ని నడిపే ఆథ్10కే డ్రైవర్ లోడయ్యేటప్పుడు క్యాలిబ్రేషన్ (క్యాల్) డేటా, అంటే ఆ బోర్డు రేడియోకు ఫ్యాక్టరీలో కొలిచి రాసిన సర్దుబాటు అంకెలు ఉండాల్సిన క్యాల్-పీసీఐ-0000:01:00.0.బిన్ ఫైలు దొరకలేదని మైనస్ 2 ఎర్రర్ వచ్చింది. ఆ తర్వాత ఓటీపీ (చిప్ లోపల ఒక్కసారే రాయగల మెమరీ) క్యాలిబ్రేషన్ ఫెయిలైందన్న లైను వచ్చింది. స్కిప్_ఓటీపీ=1 పెడితే ఇంటర్‌ఫేస్ లేచింది గానీ గోడ అడ్డం వస్తే చాలు, సిగ్నల్ పడిపోతోంది. అదే మోడల్ బోర్డు ఇంకోటి ఉంది, దాని ఫైలు తెచ్చి పెడితే సరిపోతుందా? డ్రైవర్‌కు ప్యాచ్ రాయాల్సి వస్తే ఆ డేటాను ఏ వరుసలో చదవాలి?

తెచ్చి పెట్టకండి. మీ రేడియో డేటా మీ బోర్డు ఫ్లాష్‌లోనే ఉంటుంది. దాన్ని తీసి డ్రైవర్‌కు అందించండి, స్కిప్_ఓటీపీ తీసేయండి. రేడియో చిప్‌ను బోర్డుకే అతికించిన రౌటర్లలో సాధారణంగా చిప్ లోపలి ఓటీపీ ఖాళీగా వదిలేస్తారు. ఫ్యాక్టరీలో కొలిచిన అంకెలను ఏఆర్‌టీ అనే చిన్న ఫ్లాష్ పార్టిషన్‌లో రాసి పెడతారు. విడిగా దొరికే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో డేటా కార్డులోనే ఉంటుంది కాబట్టి అదే డ్రైవర్ అక్కడ ఏ ఫైలూ అడగకుండా పనిచేస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది డ్రైవర్‌ను అనుమానిస్తారు.

ముందు ఆ మైనస్ 2 సంగతి. దానంతట అది తప్పు కాదు. ఆథ్10కే క్యాల్ డేటా కోసం ఒకచోట లేకపోతే ఇంకోచోట వెతుక్కుంటూ పోతుంది, ఫైలు లేకపోతే లేదని రాసి ముందుకెళ్తుంది. ఓటీపీ సరిగ్గా ఉన్న కార్డులకు కూడా పాత కెర్నెళ్ళలో ఈ లైను కనిపించేది. కొత్త కెర్నెళ్ళలో ఫైలు లేకపోయినా లాగ్‌లో ఏమీ రాయని పద్ధతికి మారారు.

మీ దగ్గర అసలు చూడాల్సింది ఓటీపీ ఫెయిలైన లైను. వెతకాల్సిన చోట్లన్నీ అయిపోయాయి, ఎక్కడా డేటా లేదు అని దాని అర్థం. అక్కడ డ్రైవర్ ఆగిపోవడమే సరైన పని. స్కిప్_ఓటీపీ టెస్ట్ మోడ్ కోసం పెట్టిన పారామీటర్. మీరు దాన్ని 1 చేయడంతో బోర్డ్.బిన్ అనే సాధారణ నమూనా ఒక్కటే చిప్‌కు వెళ్ళింది, మీ బోర్డులో కొలిచిన అంకె ఒక్కటీ వెళ్ళలేదు. రేడియో గుడ్డిగా పవర్ పంపుతోంది. ఇందులో ఇంకో చిక్కుంది: ఇలా లేచినప్పుడు కూడా లాగ్‌లో "క్యాల్ ఓటీపీ" అనే పడుతుంది. ఆ మాట చూసి ఓటీపీ దొరికిందనుకోకండి. మ్యాక్ అడ్రస్ చివర 12:34:56 లాంటి వరుస అంకెలు కనిపిస్తే అది నమూనా నుంచి వచ్చిన మ్యాక్ అని గుర్తుపట్టండి.

వేరే బోర్డు డేటా ఎందుకు పనికిరాదు

ఒకే రోజు, ఒకే లైను మీద తయారైన రెండు బోర్డుల్లో కూడా పవర్ ఆంప్లిఫయర్ గెయిన్, యాంటెన్నా దాకా ట్రాక్‌లో జరిగే నష్టం, క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ అచ్చంగా ఒకటి కావు. అందుకే ఫ్యాక్టరీలో ప్రతి బోర్డునూ పరికరానికి కలిపి, ఒక్కో చెయిన్ (ఒక్కో యాంటెన్నాకు వెళ్ళే రేడియో దారి) మీద కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర పవర్ కొలిచి, ఆ అంకెలు రాస్తారు. పాత చిప్‌ల డ్రైవర్ ఆథ్9కే నడిపే ఏఆర్9300 తరం డేటాలో 2.4 గిగాహెర్ట్జ్‌కు 3, 5 గిగాహెర్ట్జ్‌కు 8 కొలత స్థానాలు ఉంటాయి. మధ్యలో ఉన్న చానెళ్ళకు వాటి ఆధారంగా లెక్కకడతారు. వీటితోపాటు క్రిస్టల్ ట్రిమ్, ఉష్ణోగ్రతతో పవర్‌ను సర్దే వాలు, రేట్లవారీగా టార్గెట్ పవర్, రెగ్యులేటరీ పరిమితులు, చెయిన్ మాస్క్, మ్యాక్ అడ్రస్ కూడా అక్కడే.

క్రిస్టల్ ట్రిమ్ ఒక్కటి తప్పితే ఏమవుతుందో చూడండి. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీ 20 పీపీఎంకు (పది లక్షల్లో 20 వంతులకు) మించి పక్కకు జరగకూడదు. చానెల్ 36, అంటే 5180 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 104 కిలోహెర్ట్జ్. వేరే బోర్డు ట్రిమ్ వేస్తే ఆ హద్దు దాటొచ్చు. అప్పుడు కొన్ని ఫోన్లు కనెక్టవుతాయి, కొన్ని కావు, వేడెక్కాక ఇంకొన్ని జారిపోతాయి. మూలం ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం.

పవర్ టేబుల్ తప్పితే రెండు రకాలుగా దెబ్బతింటుంది. తక్కువ పవర్ వెళ్తే రేంజ్ పోతుంది, అది కనీసం కంటికి కనిపిస్తుంది. ఎక్కువ వెళ్తే ఆంప్లిఫయర్ తన సరళ పరిధి దాటి సిగ్నల్‌ను వంకర చేస్తుంది. బార్లు నిండుగా ఉంటాయి, పై ఎంసీఎస్ రేట్లు (ఎక్కువ వేగం ఇచ్చే మెట్లు) మాత్రం నిలవవు, స్పీడు రాదు. డ్రైవర్ చూపించే డీబీఎం (పవర్) అంకె అప్పుడు అబద్ధం, చట్టం అనుమతించిన పరిమితిని దాటి ప్రసారం చేస్తున్నా మీకు తెలియదు. రెండు బోర్డులకూ ఒకే మ్యాక్ రావడం వీటన్నిటి మీద అదనం.

పేరు ఒకటే కావడంతో ఒక గందరగోళం ఉంది. చానెల్ మారినప్పుడల్లా చిప్ చేసుకునే నాయిస్ ఫ్లోర్, ఐక్యూ, డీసీ ఆఫ్‌సెట్ క్యాలిబ్రేషన్ వేరు. అది చిప్ తనను తాను సర్దుకోవడం. యాంటెన్నా దగ్గర అసలు ఎంత పవర్ వచ్చిందో బయటి మీటర్ లేకుండా చిప్‌కు తెలియదు కాబట్టి ఫ్యాక్టరీ అంకెల లోటును అది తీర్చలేదు.

మీ డేటాను తీసే పద్ధతి

/ప్రాక్/ఎంటీడీ చూడండి. ఏఆర్‌టీ, క్యాల్‌డేటా, ఫ్యాక్టరీ, 0:ఏఆర్‌టీ లాంటి పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది. ముందు ఆ పార్టిషన్ మొత్తాన్నీ కాపీ తీయండి. చివర "ఆర్‌ఓ" ఉన్న నోడ్ నుంచి, ఉదాహరణకు /డెవ్/ఎంటీడీ5ఆర్‌ఓ నుంచి చదివితే పొరపాటున రాసే ప్రమాదం ఉండదు. రెండుసార్లు తీసి షా256 (ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ) పోల్చి, బోర్డు బయట రెండు చోట్ల దాచండి. దయచేసి ఈ మెట్టు దాటేయకండి. ఫర్మ్‌వేర్ పోతే మళ్ళీ దొరుకుతుంది, ఏఆర్‌టీ పోతే ప్రపంచంలో ఇంకెక్కడా దానికి నకలు ఉండదు.

క్యూసీఏ988ఎక్స్ రేడియో డేటా చాలా బోర్డుల్లో హెక్స్ 5000 ఆఫ్‌సెట్ దగ్గర ఉంటుంది. పక్కనే ఆథ్9కే రేడియో కూడా ఉంటే దానిది సాధారణంగా హెక్స్ 1000 దగ్గర. ఊహతో ఆగకుండా హెక్స్‌డంప్‌తో అక్కడి మొదటి 16 బైట్లు చూడండి. క్యూసీఏ988ఎక్స్ అయితే మొదటి రెండు బైట్లు 44 08. అది లిటిల్ ఎండియన్‌లో, అంటే చిన్న విలువ బైటు ముందు వచ్చేలా, రాసిన పొడవు: హెక్స్ 844, అంటే 2116 బైట్లు. తర్వాతి రెండు బైట్లు చెక్‌సమ్, అంటే డేటా చెడలేదని తేల్చే అంకె. సున్నా నుంచి లెక్కిస్తే ఆరో బైటు నుంచి పదకొండో బైటు దాకా మ్యాక్ అడ్రస్. అది బోర్డు లేబుల్ మీది మ్యాక్‌కు దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. ఒక జాగ్రత్త: హెక్స్‌డంప్‌ను పెద్ద సీ ఆప్షన్ లేకుండా నడిపితే లిటిల్ ఎండియన్ యంత్రం మీద జంట బైట్లు తిరగేసి 0844 అని చూపిస్తుంది. డేటా తలకిందులుగా ఉందనుకుని బైట్లు మార్చేసి చెడగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అంతా ఎఫ్ఎఫ్ ఉంటే ఆఫ్‌సెట్ తప్పయినా అయ్యుండాలి, పార్టిషన్ చెరిగిపోయి అయినా ఉండాలి.

ఇక డీడీ కమాండ్‌తో తీయడమే: బీఎస్=1, స్కిప్=20480, కౌంట్=2116. వచ్చిన ఫైలు సరిగ్గా 2116 బైట్లు ఉండాలి. దాన్ని 16 బిట్ల పదాలుగా, అంటే 1058 పదాలుగా తీసుకుని అన్నిటినీ ఎక్సార్ (బిట్లు వేరుగా ఉన్నచోట 1 ఇచ్చే లెక్క) చేస్తే 16 బిట్లూ ఒకట్లే రావాలి. రాకపోతే ఫైలు చెడిందనే లెక్క.

ఆ ఫైలును /లిబ్/ఫర్మ్‌వేర్/ఆథ్10కే/ కింద లాగ్ అడిగిన పేరుతోనే పెట్టి, స్కిప్_ఓటీపీ తీసేసి, మాడ్యూల్‌ను దింపి మళ్ళీ ఎక్కించండి. హెచ్‌టీటీ వెర్షన్, డబ్ల్యూఎంఐ అంకెలు వచ్చే లైనులో ఇప్పుడు "క్యాల్ ఫైల్" అని ఉండాలి. మ్యాక్ కూడా మీ బోర్డుదే కనిపించాలి. ఈ రెండూ కుదిరాకే సిగ్నల్ పరీక్షించండి.

ఫైలు కంటే ఎన్‌వీమెమ్ మేలు

ఎన్‌వీమెమ్ అంటే ఫ్లాష్ లాంటి చోట్ల ఉన్న డేటా ముక్కలను (సెల్స్) డ్రైవర్లకు నేరుగా అందించే కెర్నెల్ ఏర్పాటు. ఫైలు పద్ధతి పరీక్షకు సరిపోతుంది, శాశ్వతంగా ఉంచుకోవడానికి నేను దాన్ని సిఫార్సు చేయను. ఆ పేరులో పీసీఐ చిరునామా ఉంది. మధ్యలో ఒక బ్రిడ్జ్ చేరినా, కెర్నెల్ పోర్టులను లెక్కించే తీరు మారినా 0000:01:00.0 కాస్తా 0000:02:00.0 అవుతుంది, పేరు కలవదు, డ్రైవర్ ఫైలును పట్టించుకోకుండా తర్వాతి చోటికి పోతుంది. డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కడితే ఇంకో ఇబ్బంది: రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే అడిగితే ఫైలు ఉన్నా మైనస్ 2 వస్తుంది. అప్పుడు ఫైలును ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లోనే మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్‌లో) పెట్టాలి, లేదా డ్రైవర్‌ను మాడ్యూల్‌గా కట్టాలి. ఒకే ఇమేజ్‌ను పది బోర్డుల మీద ఎక్కించినప్పుడు ఒకదాని క్యాల్ ఫైలు పదింటికీ వెళ్ళిపోయే ప్రమాదం అన్నిటికంటే పెద్దది.

డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే వివరణలో) ఏఆర్‌టీ పార్టిషన్ కింద ఎన్‌వీమెమ్-లేఔట్ పెట్టి, కంపాటిబుల్ "ఫిక్స్‌డ్-లేఔట్" అని రాసి, ఆఫ్‌సెట్ హెక్స్ 5000, పొడవు హెక్స్ 844 ఉన్న సెల్ ఒకటి ప్రకటించండి. వైఫై నోడ్‌లో ఎన్‌వీమెమ్-సెల్స్‌కు ఆ సెల్‌ను, ఎన్‌వీమెమ్-సెల్-నేమ్స్‌కు "క్యాలిబ్రేషన్" అన్న పేరును ఇవ్వండి. అంతే, ఫైలు అక్కర్లేదు. లాగ్‌లో "క్యాల్ ఎన్‌వీమెమ్" వస్తుంది. పొడవు ఒక్క బైటు తేడా ఉన్నా ఆథ్10కే ఒప్పుకోదు, పొడవు తప్పని హెచ్చరించి ఆ సెల్‌ను వదిలేస్తుంది. గుండ్రంగా ఉంటుందని హెక్స్ 1000 రాసేస్తే జరిగేది అదే. ఫైలు దారిలో ఇంత కచ్చితమైన పొడవు తనిఖీ లేదు, ఎన్‌వీమెమ్ వైపు మొగ్గడానికి అదొక కారణం. వైఫై నోడ్ సరైన పీసీఐ నోడ్ కింద ఉండాలన్నది మరవకండి. తప్పు బ్రిడ్జ్ కింద రాస్తే డివైస్‌కు ఆ నోడ్ అతకదు, సెల్ ఉన్నా లేనట్టే.

డ్రైవర్ ప్యాచ్ రాసేటప్పుడు

ఆథ్10కే వరుస ఇది: మొదట ప్రీ-క్యాల్ (కొన్ని చిప్‌లకు ముందుగా ఇచ్చే క్యాల్ డేటా) కోసం ఎన్‌వీమెమ్, ఫైలు, డివైస్ ట్రీ చూస్తుంది. అవి లేకపోతే క్యాల్ కోసం ఎన్‌వీమెమ్, ఫైలు, డివైస్ ట్రీ, చిప్‌కు తగిలించిన ఈప్రామ్ (చిన్న మెమరీ), చివరికి ఓటీపీ. మీ డ్రైవర్‌లోనూ ఇదే తీరు పాటించండి: బోర్డు గురించి ఎక్కువ తెలిసిన చోటు ముందు, చిప్ చివర.

ఇందులో ఎక్కువమంది జారిపడేది ఈప్రోబ్‌డిఫర్ దగ్గర. ఎన్‌వీమెమ్ సెల్ అడిగినప్పుడు ఫ్లాష్ డ్రైవర్ ఇంకా లేవకపోతే ఆ కోడ్ తిరిగొస్తుంది. అది "లేదు" అని కాదు, "కాసేపాగి రా" అని. దాన్ని మామూలు ఎర్రర్‌లా చూసి తర్వాతి చోటికి వెళ్ళిపోతే, ఒక బూట్‌లో సరైన డేటా, ఇంకో బూట్‌లో ఖాళీ ఓటీపీ వస్తుంది. ఈప్రోబ్‌డిఫర్ వస్తే ఉన్నదున్నట్టు పైకి పంపి ప్రోబ్ (డివైస్‌ను మొదలుపెట్టే ఫంక్షన్) నుంచి బయటికి రండి. దీనికి మరోవైపు కూడా చూసుకోవాలి: ఫ్లాష్ డ్రైవర్ అసలు ఎక్కకపోతే వైఫై ఎప్పటికీ వాయిదాలోనే ఉంటుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డివైసెస్_డిఫర్డ్ ఫైలు తెరిస్తే మీ డివైస్ పేరు అక్కడ కనిపిస్తుంది.

తెచ్చుకున్న డేటాకు డ్రైవర్ బతికున్నంతకాలం ఒక కాపీ ఉంచండి. ఫర్మ్‌వేర్ క్రాష్ అయి మళ్ళీ మొదలైనప్పుడు, సస్పెండ్ నుంచి లేచినప్పుడు చిప్‌కు దాన్ని తిరిగి పంపాలి, ఆ క్షణంలో డిస్క్ అందుబాటులో ఉండకపోవచ్చు. ఇంకోటి, రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్ ఇచ్చే బఫర్ వీమాలక్ తరహా మెమరీలో (భౌతికంగా ముక్కలుగా ఉండే మెమరీలో) ఉండొచ్చు కాబట్టి దాన్ని నేరుగా డీఎంఏకు (చిప్ మెమరీని సొంతంగా చదివే పద్ధతికి) ఇవ్వకండి, కేమాలక్ చేసిన చోటికి కాపీ చేసుకుని పంపండి. పొడవు, చెక్‌సమ్, చిప్ గుర్తు ఈ మూడింటినీ పంపకముందే తనిఖీ చేయండి. తప్పుంటే లాగ్‌లో వచ్చిన పొడవు, రావాల్సిన పొడవు రెండూ రాయండి. నమూనా డేటాకు దిగాల్సి వస్తే ఆ సంగతి గట్టిగా చెప్పాలి. మీడియాటెక్ ఎంటీ7915 డ్రైవర్ ఫ్లాష్ డేటా చెల్లకపోతే డిఫాల్ట్ బిన్ వాడుతున్నానని లాగ్‌లో హెచ్చరిస్తుంది, ఆ ఒక్క లైను వాడేవాళ్ళకు రోజుల తరబడి వెతుకులాట తప్పిస్తుంది.

వేరే చిప్‌ల మీద ఇదే పని

క్యూసీఏ9984, క్యూసీఏ9888, ఐపీక్యూ4019 అయితే ఫైలు పేరు క్యాల్ కాదు, ప్రీ-క్యాల్. పొడవు 12064 బైట్లు, మొదటి రెండు బైట్లు 20 2ఎఫ్. ఐపీక్యూ4019 బోర్డుల్లో రెండు రేడియోల డేటా సాధారణంగా హెక్స్ 1000, హెక్స్ 5000 దగ్గర ఉంటుంది. వీటిలో ఫ్లాష్ డేటా సగమే. అది చిప్‌లోకి వెళ్ళాక బోర్డ్ ఐడీ బయటికొస్తుంది, దానికి సరిపోయే మిగతా సగం బోర్డ్-2.బిన్ నుంచి కలుస్తుంది. బోర్డ్ డేటా దొరకలేదని ఎర్రర్ వస్తే క్యాల్ డేటాను తప్పుపట్టకండి. ఆ లైనులోనే ఉన్న బీఎంఐ-బోర్డ్-ఐడీ అంకె, వేరియంట్ పేరు మీ బోర్డ్-2.బిన్‌లో ఉన్నాయేమో చూడండి.

ఆథ్9కే ఏఆర్9300 తరంలో డేటా 02 02తో మొదలై 1088 బైట్లు ఉంటుంది, మ్యాక్ రెండో బైటు నుంచే. అంతకుముందు తరంలో ఏ55ఏ అనే మ్యాజిక్ పదం ఉంటుంది. అది 5ఏఏ5గా కనిపిస్తే నిజంగానే బైట్ల వరుస మారిందని అర్థం. ఆ తరం చిప్ బోర్డుకు అతికించి ఉండి, పీసీఐ ఐడీ ఎఫ్ఎఫ్1సీ లేదా ఎఫ్ఎఫ్1డీ అని చూపిస్తే ఆథ్9కే దాన్ని తనదిగా గుర్తుపట్టదు. పీసీఐ రిజిస్టర్ల తొలి విలువలు కూడా క్యాల్ డేటాలోనే ఉండటం దానికి కారణం. ఆథ్9కే_పీసీఐ_ఔల్_లోడర్ మాడ్యూల్ ముందుగా ఆ విలువలు రాసి, బస్సును మళ్ళీ స్కాన్ చేయిస్తుంది.

ఎంటీ76 కుటుంబంలో సెల్ పేరు "ఈప్రామ్", మొదటి రెండు బైట్లు చిప్ నంబరే. ఎంటీ7615 అయితే 15 76. తర్వాతి తరం డ్రైవర్ ఆథ్11కేలో పరిమాణం బాగా పెరుగుతుంది, ఐపీక్యూ8074 బోర్డుల్లో ఏఆర్‌టీ హెక్స్ 1000 నుంచి 131072 బైట్లు తీస్తారు.

ఏఆర్‌టీ నిజంగానే చెరిగిపోయి ఉంటే

రెండో బోర్డు డేటాను తాత్కాలికంగా వాడటం తప్ప దారి లేని పరిస్థితి ఇదొక్కటే. అప్పుడు కూడా ట్రాన్స్‌మిట్ పవర్‌ను బాగా తగ్గించి, ఇంటర్‌ఫేస్ లేస్తోందా లేదా అన్న పరీక్షకే పరిమితం చేయండి. మ్యాక్ తప్పక మార్చాలి, మార్చాక చెక్‌సమ్ కూడా సరిచేయాలి. క్యూసీఏ988ఎక్స్‌లో మ్యాక్ సరి సంఖ్య ఆఫ్‌సెట్ దగ్గర మొదలవుతుంది కాబట్టి లెక్క తేలిక: పాత చెక్‌సమ్‌ను మ్యాక్ పాత 3 పదాలతో, కొత్త 3 పదాలతో ఎక్సార్ చేస్తే కొత్త చెక్‌సమ్ వస్తుంది. డేటా సరైనదై ఉండి మ్యాక్ ఒక్కటే మార్చుకోవాలంటే మాత్రం బ్లాబ్‌ను (క్యాల్ డేటా ముద్దను) ముట్టుకోకండి, డివైస్ ట్రీలో "మ్యాక్-అడ్రస్" పేరుతో వేరే ఎన్‌వీమెమ్ సెల్ ఇవ్వండి.

సరైన డేటా ఎక్కాక కూడా గోడ దాటగానే సిగ్నల్ పడిపోతుంటే మూడు వివరాలు రాయండి: లాగ్‌లో "క్యాల్" మాట ఉన్న పూర్తి లైను, ఏఆర్‌టీ హెక్స్ 5000 దగ్గరి మొదటి 16 బైట్లు (మ్యాక్ బైట్లు చెరిపేసి), ఐడబ్ల్యూ స్టేషన్ డంప్‌లో చెయిన్లవారీ సిగ్నల్ అంకెలు. మూడు చెయిన్లలో ఒకటి మిగతావాటికంటే 15, 20 డీబీ తక్కువుంటే క్యాల్ డేటాను వదిలేసి యాంటెన్నా కేబుల్ కనెక్టర్‌ను చూడాలి.